మర్నాడు మళ్లీ అదే బురదలోకి

"రేపు పున్నమండి. తొమ్మిదింటికి నీరు నిండా ఉంటాది. మూడు దాటితేగాని పాటు రాదు. అప్పుడైతే దిగొచ్చండి," అన్నాడు పడవ నడిపే ఆయన.

నా చేతిలోని కాగితం మీద "ఉదయం 9 గంటలు: క్వాడ్రాట్ పని" అని రాసి ఉంది. కాలేజీలో కూర్చుని గంటల వారీగా వేసుకున్న పట్టిక అది. డిగ్రీ చివరి ఏడాది పిల్లలు ఇరవై మంది నా చుట్టూ నిలబడి ఉన్నారు. కాకినాడ పక్కన కోరింగ మడ అడవి అంచున, ఒక తుఫాను షెల్టర్‌లో మా బస. ఆ రాత్రి పట్టిక మొత్తం పాటును బట్టి తిరగరాశాం. పోటూ పాటూ ఇక్కడ రోజుకు రెండేసి సార్లు వస్తాయి, రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతాయి. ఇవాళ మూడింటికి బయటపడిన బురద రేపు నాలుగింటికి దగ్గరగా బయటపడుతుంది, ఎల్లుండి ఐదింటికి దగ్గరగా. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా ఉన్న ఈ సంగతి మా భోజనాలనూ నిద్రనూ కూడా మార్చేసింది. జీవావరణశాస్త్రం నేర్చుకోవడానికి ఆ చోటనే రాత్రిళ్లు ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. మడ అడవి కాలేజీ గంటకు తలుపు తియ్యదు.

నా చదువులో ఇలాంటిది లేదు. మా రోజుల్లో ఫీల్డ్ ట్రిప్ అంటే తెల్లవారుజామున బస్సెక్కి, పదకొండింటికి అడవి చేరి, ఫొటో దిగి, పులిహోర తిని, చీకటి పడేలోగా ఇల్లు చేరడం. క్వాడ్రాట్ లెక్కలు మాత్రం రికార్డు పుస్తకంలో చక్కగా ఉండేవి, ఎందుకంటే సీనియర్ల రికార్డులోంచి ఎత్తి రాసేవాళ్లం. వాళ్లు వాళ్ల సీనియర్ల దగ్గర ఎత్తి రాశారు. ఎప్పుడో ఎవరో లెక్కపెట్టిన గడ్డి మొక్కలు ఏళ్ల తరబడి ఒక్కటీ చావకుండా, ఒక్కటీ మొలవకుండా ఆ పుస్తకాల్లో అలాగే ఉండిపోయాయి. మాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ బాధ నాకింకా ఉంది.

చదివే చోటనే కొన్నాళ్లు బస చెయ్యాల్సిన ఈ అవసరాన్ని ఇంగ్లండులో యుద్ధం మధ్యలోనే గుర్తించారు. 1943లో ఫ్రాన్సిస్ బట్లర్ అనే బడుల తనిఖీ అధికారి చొరవతో ఒక సంఘం ఏర్పడింది. పట్నం పిల్లలు వచ్చి కొన్ని రోజులు ఉండి ప్రకృతిని చదువుకునే వసతి కేంద్రాలు పెట్టాలని దాని ఉద్దేశం. 1946లో ఫ్లాట్‌ఫర్డ్ మిల్ అనే పాత పిండిమిల్లులో మొదటి కేంద్రం తెరిచారు. ఆ సంఘమే తర్వాత ఫీల్డ్ స్టడీస్ కౌన్సిల్ అయింది. వేల్స్ సముద్రతీరాన డేల్ ఫోర్ట్‌లో వాళ్ల కేంద్రం ఉండేది. ఆ తీరంలోని రాళ్ల మీద ఏ జీవి ఎంత ఎత్తు దాకా పాకిందో చూసి, ఆ చోటికి అలల దెబ్బ ఎంతో చెప్పే ఎనిమిది మెట్ల కొలమానాన్ని బిల్ బాలంటైన్ 1961లో ప్రచురించాడు. అలలను కొలిచే యంత్రం అక్కర్లేదు, నత్తలూ నాచూ చెబుతాయి. అదే తీరానికి మళ్లీ మళ్లీ దిగిన వాళ్లకే అలాంటి కొలమానం తడుతుంది.

కోరింగలో మొదటి రోజు ఉదయం పోటు ఉండగానే పడవలో తిరిగి చెట్లు గుర్తుపట్టడం మొదలుపెట్టాం. పడవాయన మొట్టమొదట చూపించింది అందమైన చెట్టును కాదు, తిల్లను. "దీని పాలు కంట్లో పడకూడదండి. ఆకు తుంపి ఆ చేత్తో కళ్లు నులుముకోకండి." తిల్ల పాలు కంటికి నిజంగానే ప్రమాదం. ఏ చెట్టును ముట్టుకోకూడదో తెలిశాక మిగతావాటిని ముట్టుకోవచ్చు. తెల్ల మడ ఆకును నాలుకకు తాకించమన్నాను. ఒక్కొక్కరి మొహమూ మారింది. ఉప్పు! ఆ చెట్టు ఉప్పునీళ్లు తాగి, ఎక్కువైన ఉప్పును ఆకుల మీదికి తోసేస్తుంది. పొన్న ఆకుకు ఆ రుచి ఉండదు, అది చాలామటుకు ఉప్పును వేళ్ల దగ్గరే అడ్డుకుంటుంది. రెండు చెట్లు ఒకే కష్టాన్ని రెండు దారుల్లో దాటాయని పిల్లలు నాలుకతో తెలుసుకున్నారు.

మూడు దాటింది. నీరు తీసింది. పాయ ఒడ్డు వెంట 50 మీటర్లు, లోపలికి 50 మీటర్లు తాడు కట్టుకుని దిగాం. అసలు పరీక్ష అక్కడ మొదలైంది: క్వాడ్రాట్ ఎక్కడ పెట్టాలి?

క్వాడ్రాట్ అంటే నేల మీద పరిచే చతురస్రం. లోపల ఉన్నది లెక్కపెడతాం, అలాంటి కొన్ని చతురస్రాలను బట్టి అడవి మొత్తం ఎలా ఉందో అంచనా వేస్తాం. అమెరికాలో నెబ్రాస్కా గడ్డిభూముల్లో రాస్కో పౌండ్, ఫ్రెడరిక్ క్లెమెంట్స్ అనే ఇద్దరు యువకులు 1898 ప్రాంతంలో దీన్ని పద్ధతిగా వాడారు. అంతవరకూ వృక్షశాస్త్రజ్ఞులు కంటితో చూసి "ఈ మొక్క విస్తారం, ఆ మొక్క అరుదు" అని రాసేవారు. వీళ్లూ ఆ గడ్డిభూముల్లో ఎంతో తిరిగినవాళ్లే, తమ కంటి మీద నమ్మకం ఉన్నవాళ్లే. ఐదేసి మీటర్ల గడులు గీసి ఒక్కొక్క మొక్కనూ లెక్కపెట్టాక, కన్ను ఎంత తప్పు చెప్పిందో బయటపడింది. పొడుగ్గా, రంగుగా కనిపించే మొక్కలు ఉన్నదానికంటే ఎక్కువగా అనిపించాయి, కాళ్ల కింది చిన్నవి లెక్కలోకే రాలేదు. పౌండ్ తర్వాత న్యాయశాస్త్రంలోకి వెళ్లి హార్వర్డ్ లా స్కూలుకు డీన్ అయ్యాడు. చూసినదాన్ని వెంటనే నమ్మకుండా సాక్ష్యం అడిగే అలవాటు రెండు రంగాల్లోనూ పనికొచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది.

లెక్కపెట్టినంత మాత్రాన సరిపోదు. గడి ఎక్కడ పెట్టాలో మన ఇష్టానికి వదిలితే కన్ను మళ్లీ లోపలికి దూరుతుంది. కొందరు వెనక్కి తిరిగి గడిని భుజం మీదుగా విసిరితే చాలనుకుంటారు. విసిరే చెయ్యి గట్టినేల వైపే విసురుతుంది. అందుకే ఫోనులో యాదృచ్ఛిక సంఖ్యలు రెండు తీసి, మొదటిది ఒడ్డు వెంట, రెండోది లోపలికి కొలిచి, అవి కలిసేచోటే పెట్టమన్నాను. ఒక అమ్మాయికి 37, 4 వచ్చాయి. కొలుచుకుంటూ పోతే ఆ చోటు మోకాలి లోతు బురద. పక్కన రెండు గజాల్లో గట్టి దిబ్బ ఉంది.

"మేడమ్, ఇక్కడ పెట్టుకోనా? ఇదీ మడ అడవే కదా."

వెంటనే జవాబు చెప్పలేదు. దిబ్బ మీద ఏమున్నాయో చూడమన్నాను. ముదురు మడ చెట్లు, కింద ఇలకూర. బురదలో ఏమున్నాయో చూడమన్నాను. జానెడు మడ మొలకలు, పదులకొద్దీ. ఆ అమ్మాయి కాసేపు అటూ ఇటూ చూసింది. తనలాగే ఇరవై మందీ గట్టినేలకు జరిగితే, తమ పుస్తకంలోని అడవిలో మొలకలే ఉండవని, అది పిల్లలు పుట్టని అడవిగా తేలుతుందని తనకు తనే అర్థం చేసుకుంది. చెప్పులు విప్పి బురదలోకి దిగింది. బురదలోకి వేసిన ఆ అడుగే ఈ చదువంతటికీ కీలకం అని నేను నమ్ముతాను. సూత్రాలు ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. వసతిగా లేని చోటు కూడా లెక్కలో భాగమేనన్న నిజాయితీ కాళ్లకు బురద అంటినప్పుడే వస్తుంది.

చెట్ల చుట్టుకొలత నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో తీస్తాం. పొన్న దగ్గరికి వచ్చేసరికి ఆ నియమం చెల్లదు. ఊడల్లాంటి వేళ్లు ఆ ఎత్తు దాటి పైనుంచి దిగుతాయి. అక్కడ అన్నిటికంటే పై వేరుకు సుమారు ఒక అడుగు పైన టేపు చుట్టాలి. ఇది చూపించడానికి నిమిషం చాలు.

శ్వాసవేళ్లు మాత్రం చాలా సమయం తీసుకున్నాయి. మడ చెట్టు కింద బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి గాలి పీల్చే వేళ్లు అవి. ఒకే మీటరు గడిని ఇద్దరు కుర్రాళ్లకు విడివిడిగా లెక్కపెట్టమంటే ఒకడు 143 అన్నాడు, ఇంకొకడు 171. ఇద్దరూ శ్రద్ధగానే లెక్కపెట్టారు. తేడా ఎక్కడొచ్చిందో వెతికితే, తాడు కింద పడ్డ వేళ్లను ఒకడు వదిలేశాడు, ఇంకొకడు అన్నిటినీ కలిపేశాడు. ఎండి విరిగిన మొండేలను ఒకడు బతికినవాటిలో వేశాడు. అక్కడే నిలబడి నియమం రాసుకున్నాం: ఎడమ అంచుకీ కింది అంచుకీ తగిలినవి లోపల, మిగతా రెండు అంచులకు తగిలినవి బయట, ఒక అంగుళం కంటే పొట్టివి వద్దు, విరిగినవి వేరే వరుసలో. మళ్లీ లెక్కపెడితే ఇద్దరికీ మధ్య తేడా నాలుగుకు తగ్గింది. ఆ నాలుగును దాచకుండా అలాగే రాయమన్నాను.

రాత్రి కరెంటు లేదు. లాంతరు చుట్టూ కూర్చుని పుస్తకాలు తెరిచాం. బురద నీళ్లకు పెన్ను సిరా అలికిపోయిందని ఇద్దరు ఏడుపు మొహం పెట్టారు. పెన్సిల్‌తో రాయమని పొద్దున చెప్పిన మాట అప్పుడు తలకెక్కింది. ఆ రోజుది ఆ రాత్రే సాపు చెయ్యాలి, రేపటికి వాయిదా వేస్తే "ఈ 8 ఏంటి, 3 ఏంటి" అని మనమే మర్చిపోతాం. తేదీ, వేళ, పోటా పాటా, మబ్బు ఉందా, ఎవరు లెక్కపెట్టారు, ఎవరు రాశారు. ఇవన్నీ అనవసరమైన తతంగంలా కనిపిస్తాయి. అప్పుడు నేను జోసెఫ్ గ్రినెల్ గురించి చెప్పాను. కాలిఫోర్నియాలో బర్క్‌లీ మ్యూజియంకు 1908లో మొదటి డైరెక్టరైన ఆయన, తన శిష్యులు అడవిలో ఏం చూసినా పుస్తకంలో ఒకే పద్ధతిలో రాయాలని నియమం పెట్టాడు. యోసెమిటీ కొండల్లో ఎక్కడ బోనులు పెట్టారో, ఏ ఎత్తులో ఏ ఎలుక దొరికిందో అన్నీ రాశారు. దాదాపు 90 ఏళ్ల తర్వాత అదే మ్యూజియం వాళ్లు ఆ పుస్తకాలు పట్టుకుని అవే చోట్లకు వెళ్లి మళ్లీ బోనులు పెట్టారు. 2008లో ఫలితం వచ్చింది. 28 రకాల చిన్న జంతువుల్లో సగం సగటున 500 మీటర్ల మేర కొండపైకి జరిగిపోయాయి. కింద వేడెక్కింది. బోను పెట్టిన చోటు ఆనాడు ఎవరో ఓపిగ్గా రాయకపోతే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

నేను చెప్పడం ఆపేశాక కూడా పెన్సిళ్లు కదులుతూనే ఉన్నాయి. అప్పుడే ఒక పుస్తకంలో గుట్టు బయటపడింది. ఒక బృందం తమ ఐదో గడిలో మొలకల సంఖ్య రాయడం మర్చిపోయింది. ఒక్కరోజు యాత్రయితే ఏం జరిగేదో నాకు తెలుసు, ఏదో ఒక అంకె వేసేవాళ్లు. నేనూ వేశాను ఒకప్పుడు. "రేపు పాటుకి వెళ్లి చూసొస్తాం మేడమ్," అన్నారు వాళ్లు, చాలా మామూలుగా. నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

రెండో రోజు పీతలు. ఒక చెయ్యి చిన్నగా, ఇంకో చెయ్యి ఒంటికంటే పెద్దగా ఉండే మగ పీతలు బురద మీద వందలకొద్దీ ఉంటాయి. మనం వెళ్లేసరికి ఒక్కటీ కనిపించదు, బొరియలే ఉంటాయి. "బొరియలు లెక్కపెడితే సరిపోదా?" అని అడిగారు. ఒక పీతకు రెండు బొరియలుండవచ్చు, వదిలేసిన బొరియ కూడా ఉండవచ్చు. కూర్చోమన్నాను. కదలకుండా, మాట్లాడకుండా, నాలుగు గజాల దూరంలో. ఐదు నిమిషాలకు ఏమీ లేదు. ఒకడి కాలు తిమ్మిరెక్కి కదిలితే మళ్లీ మొదటికొచ్చింది. పది నిమిషాలకు ఒక బొరియ అంచున ముందు రెండు కళ్లు లేచాయి, పుల్లల మీద నిలబెట్టినట్టు. తర్వాత ఒళ్లు. పావుగంటకు నేలంతా కదలడం మొదలైంది. ఒక మగ పీత పెద్ద చేతిని ఎత్తి, దించి, ఎత్తి, ఎవరినో పిలుస్తున్నట్టు ఊపుతోంది. చిన్న చేత్తో బురద తీసి నోట్లో పెట్టుకుని, తినగలిగింది తిని, మిగతాది గుండుసూది తలకాయంత ఉండగా చేసి పక్కన పెడుతోంది. ఇరవై మంది ఊపిరి బిగబట్టి చూశారు. అలా కూర్చోవడం కూడా నైపుణ్యమే. కొలబద్ద పట్టుకోవడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

ఇలాంటి చదువుకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదని జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చాక పట్టుదలగా చెప్పేవాడు. ఆయన దగ్గర పరిశోధన చేసిన కృష్ణ ద్రోణంరాజు పుట్టింది, మేం కూర్చున్న బురదకు ఎంతో దూరంలో లేని పిఠాపురంలోనే. కంచెల్లో పెరిగే తలంబ్రాల మొక్కకు వేర్వేరు రంగుల పూలుంటాయి కదా, ఏ సీతాకోకచిలుక ఏ రంగు పూవు మీద వాలుతుందో ఆయన కూర్చుని లెక్కపెట్టాడు. ఒక్కొక్క జాతి ఒక్కొక్క రంగుకు మొగ్గు చూపుతోందని తేలింది. ఆ పని 1960లో నేచర్ పత్రికలో వచ్చింది. పిఠాపురం పేరు చెప్పగానే ఆ ఊరి నుంచి వచ్చిన కుర్రాడు నిటారుగా కూర్చున్నాడు.

ఇక నత్తలు. ఇక్కడి బురద మీద టెలిస్కోపియం అనే నత్త ఉంటుంది. బొంగరాన్ని సాగదీసినట్టు మొనదేలి, నల్లగా, వేలంత పొడుగు. తాడు కట్టిన ఒక గడిలో అవి ఎన్ని ఉన్నాయో చెప్పాలి. అన్నీ ఏరలేం, కొన్ని బురద కింద ఉంటాయి. దీనికొక ఉపాయం ఉంది. కొన్నిటిని పట్టి గుర్తు పెట్టి వదిలెయ్యాలి. మర్నాడు మళ్లీ కొన్నిటిని పట్టాలి. రెండోసారి దొరికినవాటిలో గుర్తున్నవి ఎన్నో వంతో, మొత్తంలోనూ మొదట గుర్తు పెట్టినవి అన్నో వంతు ఉండాలి. డెన్మార్కులో పీటర్సన్ చేపలకు, 1930లో అమెరికాలో ఫ్రెడరిక్ లింకన్ బాతులకు వాడిన తర్కమే ఇది.

మొదటి రోజే 60 నత్తలకు ఎర్రటి గోళ్ల రంగుతో చుక్క పెట్టి వదిలారు. రెండో రోజు 50 పట్టారు, అందులో 27 ఎర్రచుక్కవి. అరవైని యాభైతో హెచ్చించి ఇరవయ్యేడుతో భాగిస్తే 111. లెక్కలో తప్పు లేదు. కానీ పడవాయన ఆ గడివైపు చూసి, "నూటపదేనా? అంతకు రెట్టింపు ఉంటాయండి," అన్నాడు.

ఆ రాత్రి లాంతరు దగ్గర పెద్ద వాదన. గుర్తున్నవి గడి దాటి పోయాయేమో? అలా పోతే ఎర్రవి తక్కువ దొరకాలి, ఎక్కువ కాదు. ఎర్రరంగు చూసి పిట్టలు తినేశాయేమో? అప్పుడూ తక్కువే దొరకాలి. ఒక్కొక్క కారణాన్నీ ఇలా అంకె ఏ వైపు జరిగిందో చూసి కొట్టేస్తూ వచ్చారు. చివరికి ఒక అమ్మాయి మెల్లగా అంది: "మేడమ్, నాకు ఎర్రవి దూరం నుంచే కనిపించాయి. వాటి దగ్గరికే ముందు వెళ్లాను." ఇంకో ఇద్దరూ తలూపారు. తప్పు నత్తలది కాదు, పట్టే కంటిది. ఎర్రటి చుక్క నత్తకు పెట్టామనుకున్నాం, నిజానికి మన చూపుకు పెట్టుకున్నాం. ఏ పుస్తకమైనా "ప్రతి జీవికీ దొరికే అవకాశం సమానంగా ఉండాలి" అని రాస్తుంది, వీళ్లంతా పరీక్షలో అది రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. ఆ అమ్మాయి అంత సూటిగా ఒప్పుకున్నందుకు నాకు చాలా గర్వంగా అనిపించింది.

మూడో రోజు పాటు ఐదింటికి దగ్గరపడింది. వెలుగు తగ్గుతోంది. ఈసారి గడిని పురికొసతో సన్నటి పట్టీలుగా విడగొట్టి, సంఖ్యలు తీసి కొన్ని పట్టీలను ఎంచుకున్నారు. ఎంచుకున్న పట్టీలో ఒక కొస నుంచి మోకాళ్ల మీద పాకుతూ, చేతితో తడుముతూ, తగిలిన ప్రతి నత్తనూ తీశారు, రంగు సంగతి చూడకుండా. లెక్కపెట్టేవాళ్లు వేరు, ఏరేవాళ్లు వేరు. 52 దొరికాయి. తిప్పి చూస్తే 13 ఎర్రచుక్కవి. అంటే 240. సంచుల్లోంచి వాటిని తీసిన పట్టీల్లోనే తిరిగి వదిలి, తాడు చుట్టేసి, పురికొస ముక్క ఒక్కటి కూడా మిగలకుండా ఏరుకుని, శ్వాసవేళ్లు తొక్కకుండా ఒకరి వెనక ఒకరుగా పడవ దగ్గరికి వచ్చారు.

పోటు మొదలైంది. మొదట బొరియల్లోకి, తర్వాత మా అడుగుల గుంటల్లోకి నీరు చేరింది. పడవాయన మోటారు వెయ్యకుండా గెడతో నెడుతూ అడిగాడు.

"ఎన్ని తేలాయమ్మా?"

మొదటి రోజు మోకాలి లోతు బురదలోకి దిగిన అమ్మాయే పుస్తకం తెరిచింది. అందులో 111 మీద అడ్డగీత ఉంది, చెరిపెయ్యలేదు. పక్కన కారణం రాసి ఉంది.

"రెండొందల నలభై దగ్గరండి. కచ్చితంగా అంతే అని కాదు. మేం పట్టినవి తక్కువ కదా, నూటనలభై నుంచి మూడొందల ఇరవై దాకా ఎక్కడైనా ఉండొచ్చు. బాగా లోతుగా దిగిపోయినవి ఇందులో లేవండి."

ఆయన కాసేపు గెడ వేస్తూ ఆలోచించాడు. "వానాకాలం రండమ్మా. వరద నీరొచ్చి ఉప్పు విరిగాక ఈ నత్తలు ఇక్కడ ఎట్టా ఉంటాయో చూద్దురుగాని."

ఆ అమ్మాయి పెన్సిల్ తీసింది. "అప్పుడు ఏ తిథికి రావాలండీ?"